60 ఏళ్ల రంగస్థల, సినీ నటుడికి నెల్లూరులో సన్మానం: ఎట్లా చేస్తే బాగుంటుంది?

పెన్నాగట్టు:

అందరికీ నమస్కారం. ఈ ఫిబ్రవరిలో నెల్లూరులో ఒక పెద్దాయనకి సన్మానం తలపెట్టాం. వయసు 82. పద్యనాటకాల్లో నక్షత్రకుడు, అర్జునుడు, కర్ణుడు ఆయనకి పేరు తెచ్చిన వేషాలు. ఇటు గూడూరు నుంచి అటు అద్దంకి దాకా ఆయన పద్యం వినని ఊరు లేదు. 1980 తర్వాత సినిమాల్లో కరణం, పూజారి, జడ్జి, హీరోయిన్ తండ్రి లాంటి పాత్రలు నలభై దాకా చేశారు, ఆపైన టీవీ సీరియల్స్. మొదటిసారి ముఖానికి రంగు వేసుకున్నది 1965లో అని ఆయనే చెప్తారు. అందుకే కార్యక్రమానికి "60 ఏళ్ల నటజీవితం" అని పేరు పెట్టుకున్నాం.

చేతిలో రెండున్నర లక్షలు ఉన్నాయి. అందులో లక్ష పర్సుగా ఇవ్వాలని ఉంది. పురమందిరం అడుగుతున్నాం, దొరక్కపోతే కాలేజీ గ్రౌండులో షామియానా వేయాలి. సభ, సినిమా సీన్లతో ఒక వీడియో, శిష్యులు ఆడే ఒక సీను, 64 పేజీల అభినందన సంచిక అనుకున్నాం.

తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఆయన నాటకాల, సినిమాల జాబితా తప్పుల్లేకుండా ఎట్లా తయారు చేయాలి? ఇంట్లో ఒక ట్రంకుపెట్టె నిండా కరపత్రాలు, ఫొటోలు, క్యాసెట్లు ఉన్నాయి, వాటినేం చేయాలి? కార్యక్రమం ఏ వరసలో నడపాలి? సినిమా ముక్కలు వేస్తే ఎవరైనా అభ్యంతరం పెడతారా? పర్సు ఏ రూపంలో ఇవ్వాలి?

కాటిసీను:

ముందు ఆ ట్రంకుపెట్టె సంగతి చూడండి. శాలువా, దండ ఆ ఒక్క సాయంత్రంతో సరి. ఆయన ఏ ఊళ్లో ఏ ఏడు ఏ వేషం కట్టారన్నది ఇప్పుడు రాసి పెట్టకపోతే ఇక రాసేవాళ్లు ఉండరు. సినిమా నటుడికి రీలైనా మిగులుతుంది. పద్యనాటకానికి తెర పడితే కరపత్రం తప్ప సాక్ష్యం లేదు. వేదం వేంకటరాయ శాస్త్రిగారు 1899లో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించిన ఊరు ఇది. ఇక్కడి నటుడి చరిత్ర ఉజ్జాయింపుగా రాసి వదిలేయకూడదు.

ఒక ఎక్సెల్ షీటు తెరవండి. ఒక్కో ప్రదర్శనకి తొమ్మిది గళ్లు: తేదీ, ఊరు, వేదిక, నాటకం, సీను, వేషం, నాటక సమాజం లేదా నాటకం కంట్రాక్టరు, హార్మోనిస్టు, ఆధారం. ఆ చివరి గడిని ఖాళీగా వదలొద్దు. కరపత్రమా, పరిషత్తు ప్రశంసాపత్రమా, ఆకాశవాణి కాంట్రాక్టు కాగితమా, ఆయన మాటా అన్నది అందులో రాయాలి. కేవలం ఆయన మాట మీద వేసిన సంవత్సరానికి సంచికలో "సుమారు" అని తగిలించండి. ఎనభై దాటిన నటులు వేషాన్నీ పద్యాన్నీ పక్కన నిలబడ్డ కృష్ణుణ్ణీ మరిచిపోరు గానీ, సంవత్సరం మాత్రం రెండు మూడేళ్లు అటూ ఇటూ అవుతుంది.

కరపత్రాలతో పెద్ద చిక్కేమిటంటే తేదీ, వారం అచ్చు వేస్తారు, సంవత్సరం వేయరు. దాన్ని పట్టుకోవడానికి గుర్తులు ఉన్నాయి. టిక్కెట్టు ధర అణాల్లో ఉంటే చాలావరకు 1957 ఏప్రిల్ 1కి ముందుది (జనం నోట అణాలు ఆ తర్వాతా నడిచాయి కాబట్టి ఇదొక్కటే చాలదు). "న.పై." అని ఉంటే నయా పైసలు, అంటే 1957 ఏప్రిల్ నుంచి 1964 మే దాకా. ఆ జూన్‌లో "నయా" తీసేసి ఉత్త పైసలు చేశారు. చిరునామాలో పిన్ కోడ్ కనిపిస్తే 1972 ఆగస్టు 15 తర్వాతిది.

మన ప్రాంతానికి అన్నిటికంటే మంచి గుర్తు జిల్లా పేరు. ఒంగోలు జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అంతకుముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లావి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరువి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. పాత కాగితం మీద "పొదిలి, నెల్లూరు జిల్లా" అని చూసి అచ్చుతప్పనుకుని దిద్దేవాళ్లున్నారు. దిద్దితే ఉన్న ఆధారం కాస్తా పోతుంది. ఒక్క కందుకూరు మాత్రం 2022లో మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిసింది, కొత్త కరపత్రాన్ని పాతదనుకోకండి. "శుభకృత్", "ప్రమాదీచ" లాంటి తెలుగు సంవత్సరం పేరుంటే ఇక తిరుగులేదు, ఆ పేరు 60 ఏళ్లకి ఒకసారే వస్తుంది.

ఆయన్ని అడిగేటప్పుడు "అది ఏ సంవత్సరం సార్?" అనొద్దు. "దివిసీమ ఉప్పెనకి ముందా, తర్వాతా?" అనండి, అది 1977 నవంబరు. "జై ఆంధ్ర రోజుల్లో నాటకాలు ఆడారా, ఆగిపోయాయా?" అనండి, అది 1972-73. "పెద్దమ్మాయి పెళ్లినాటికి ఏ సమాజంలో ఉన్నారు?" అంటే ఇంట్లో అమ్మగారే తేదీతో సహా చెప్తారు. పొద్దున పది గంటల ప్రాంతంలో, ఒక్కో దఫా 45 నిమిషాలకి మించకుండా, నాలుగైదు దఫాలు కూర్చోండి. ఒకేసారి మూడు గంటలు కూర్చోబెడితే రెండో గంటలో నాటకాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చేతికి ఒక ఫొటో ఇచ్చి మొదలుపెడితే మాట తనంతట అదే వస్తుంది. ఫోన్లో రికార్డు చేసినా ఫర్వాలేదు గానీ ఫ్యాను ఆపి, ఫోను ఆయనకి మూరెడు దూరంలో పెట్టి, ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా దాచండి. కాపీలు మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వాళ్ల ఇంట్లో.

సినిమాల జాబితాకి వికీపీడియానో, ఇంకొకరి బ్లాగునో నమ్మొద్దు. చిన్న పాత్రల పేర్లు టైటిల్స్‌లో గుంపుగా వేస్తారు, ఇంటిపేరు పొడి అక్షరం మారిపోతుంది, అదే పేరున్న ఇంకో నటుడి సినిమాలు ఈయన ఖాతాలో పడతాయి. ప్రతి సినిమాకీ ఆయన కనిపించే సీను నిమిషం, సెకను రాసుకోండి. వీడియో చేసేటప్పుడు కూడా అదే పనికొస్తుంది. సినిమా మొదట్లో కనిపించే సెన్సార్ సర్టిఫికెట్ మీది తేదీ విడుదల తేదీ కాదు, రెండిటికీ నెలల తేడా ఉండొచ్చు. ఇంకొకటి, ఆ పాత్రకి గొంతు ఆయనదేనా, డబ్బింగ్ వేరొకరు చెప్పారా అన్నది తప్పకుండా అడగండి. పద్యం పాడే గొంతున్న నటుడికి కూడా సినిమాలో వేరేవాళ్లు చెప్పిన సందర్భాలు ఉంటాయి. అట్లాగే ఆయన వేరేవాళ్లకి చెప్పి ఉంటే అదీ ఆయన నటనే, జాబితాలోకి ఎక్కాలి.

ఫొటోలని 600 డీపీఐలో టిఫ్ ఫైళ్లుగా స్కాన్ చేయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కున్న వాటిని పీకితే పై పొర లేచి వస్తుంది, పేజీతో సహా స్కాన్ చేయాలి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత అక్కడే ఉంటాయి. వాల్‌పోస్టరుని మడతల మీద ఇస్త్రీ చేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. నీడలో నేల మీద పరిచి, ఫ్లాష్ లేకుండా, నిలువుగా పైనుంచి ఫొటో తీయండి.

క్యాసెట్ల విషయంలో తొందర పడొద్దు. ఏళ్ల తరబడి కదలనిదాన్ని నేరుగా ప్లేయరులో వేస్తే టేపు తెగుతుంది. ముందు పెన్సిల్ గుచ్చి రెండు చుట్లు తిప్పి చూడండి. చుట్ట మీద తెల్లటి బూజు ఉంటే పక్కన పెట్టేయండి, అది నడిపితే హెడ్డుకి అంటి తర్వాత వేసే క్యాసెట్లు కూడా పాడవుతాయి. మన తేమకి ఇది మామూలే. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా పోనిచ్చి, వెనక్కి తిప్పి, హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి అప్పుడు ఎక్కించండి. ఒక తనిఖీ మరవొద్దు: ఆ రోజుల్లో ఆయన ఏ శ్రుతిలో పాడేవారో అడిగి, క్యాసెట్‌లో హార్మోనియం ఆ శ్రుతిలో పలుకుతోందో లేదో చూడాలి. అర శ్రుతి తేడా ఉంటే అది గొంతు తేడా కాదు, మోటారు వేగం తేడా. సరిచేసి దాచకపోతే రేపు వినేవాళ్లు ఆయన గొంతే అంత అనుకుంటారు.

సంచికకి 64 పేజీలు మంచి లెక్క, 16 పేజీల ఫారాలు నాలుగు. ముందు 24 పేజీలు జాబితాకి, ఫొటోలకి కేటాయించి, మిగిలింది వ్యాసాలకి ఇవ్వండి. మామూలుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది: ప్రముఖుల శుభాకాంక్షలు 40 పేజీలు, నటుడి వివరాలు రెండు పేజీలు. పాత పత్రికల్లో సమీక్షలు వెతకాలంటే వేటపాలెం సారస్వత నికేతనం ఒకసారి వెళ్లి రండి. 1918 నాటి గ్రంథాలయం, పాత పత్రికలు అంత జాగ్రత్తగా దాచిన చోటు మన చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

మూడోగంట:

కాటిసీను గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఆ సాయంత్రం గురించి చెప్తాను.

82 ఏళ్ల మనిషి వేదిక మీద హాయిగా కూర్చోగలిగేది గంట, మహా అయితే గంటంపావు. కార్యక్రమం మొత్తాన్ని ఆ గంట చుట్టూ అల్లుకోండి. చాలాచోట్ల ఆయన్ని ఐదున్నరకే వేదిక ఎక్కించి, పన్నెండుమంది వక్తలు మాట్లాడాక, ఎనిమిదిన్నరకి సన్మానం చేస్తారు. అప్పటికి ఆయన అలిసిపోయి ఉంటారు, సుగర్ మాత్ర వేళ దాటి ఉంటుంది, జనం లేచి వెళ్లిపోయి ఉంటారు.

వరస ఇట్లా పెట్టుకోండి. 5.30కి ప్రార్థన, తర్వాత వెంటనే శిష్యుల సీను. ఆ సీను ఆయన కింద ముందు వరసలో కూర్చుని చూడాలి, వరస మధ్యలో కాదు, నడవ పక్క కుర్చీలో. లేవాలంటే ఎవరినీ దాటే పని ఉండదు. 6.10కి వీడియో. 6.20కి ఆయన్ని వేదిక మీదకి తీసుకురండి. వక్తలు నలుగురే: ఆయనతో వేషం కట్టినవారు ఒకరు, హార్మోనిస్టు ఒకరు, సినిమా వైపు నుంచి ఒకరు, శిష్యుల్లో ఒకరు. మనిషికి ఏడు నిమిషాలు. 6.50కి సన్మానం, 7.05కి ఆయన స్పందన, 7.20కి ముగింపు. అతిథి ఆలస్యమైతే సభ ఆపొద్దు, సీను నడుస్తుండగా వచ్చి కూర్చుంటారు. అందుకే సీను ముందు పెట్టమంటున్నాను.

సీనుకి "రాయబారం"లో పడక సీను బాగుంటుంది. కృష్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడు ముగ్గురుంటే నడుస్తుంది, ఒక మంచం, ఒక ఆసనం చాలు. ఆయన అర్జునుడు వేషానికి పేరుపడ్డవారు కాబట్టి అతుకుతుంది కూడా. "హరిశ్చంద్ర"లో వారణాసి సీను అయితే నక్షత్రకుడు ఉంటాడు, అదీ ఆయన వేషమే, కానీ రాగాలు పెరిగితే గంట పడుతుంది. ఏదైనా 35 నిమిషాలకి పద్యాలు ముందే లెక్కపెట్టి కుదించుకోండి. ఒన్స్ మోర్‌లు పడితే పది నిమిషాలు పెరుగుతుందని లెక్కలో వేసుకోండి.

ఆయన్ని వేషం కట్టమని అడగొద్దు. అభిమానంతో అడుగుతారు గానీ, కిరీటం, భుజకీర్తులు, హారాల బరువు మెడ మీద పడుతుంది, మీసం అతికించే స్పిరిట్ గమ్ ఆ వయసు చర్మం మీద పుండు చేస్తుంది, రంగు తుడవడానికి ఇంకో అరగంట. పంచె, కండువాతో కూర్చుని ఒక్క పద్యం పాడితే చాలు. అదీ ఆయనకి ఇష్టమైతేనే, ముందురోజు అడిగి.

సన్మానంలో కమిటీ తరఫున ఒక శాలువా, ఒక దండ, ఒక జ్ఞాపిక, సన్మానపత్రం, పర్సు. అంతే. మిగతా సంఘాలవాళ్ల శాలువాలు ఆయన భుజాన వేయకుండా బల్ల మీద పెట్టించి, సంఘాల పేర్లు మాత్రం చదవండి. ఈ మాట ఆహ్వానపత్రంలోనే అచ్చు వేస్తే ఎవరూ నొచ్చుకోరు. వేయకపోతే వరస కట్టిన శాలువాలతో నలభై నిమిషాలు ఆయన నిలబడే ఉండాలి. గజమాల వద్దు. పాలిస్టర్ శాలువా బదులు వెంకటగిరి నేత కండువా, అమ్మగారికి వెంకటగిరి చీర ఇవ్వండి. అమ్మగారిని కూడా వేదిక మీద కూర్చోబెట్టండి, రాత్రుళ్లు నాటకాలు ఆడి తెల్లారి ఇంటికొచ్చే మనిషి సంసారాన్ని మోసింది ఆమె. జ్ఞాపికకి అద్దం, ఫైబరు బొమ్మలకన్నా ఉదయగిరి చెక్కపని నయం.

సన్మానపత్రం 180 మాటలకి మించకూడదు, అప్పుడు రెండు నిమిషాల్లో చదవడం అవుతుంది. "నటసార్వభౌమ", "కళాతపస్వి" లాంటి బిరుదులు పేర్చకుండా, ఊళ్లు, వేషాలు, సంవత్సరాలు పేర్లతో రాయండి. కాటిసీను గారి షీటు పూర్తయ్యేదాకా అచ్చుకి ఇవ్వొద్దు. పటానికి గాజు కాకుండా అక్రిలిక్ వేయించండి, గాజుది కారులో ఇంటికి చేరేసరికి పగులుతుంది.

హాలు చూడటానికి వెళ్లినప్పుడు వేదిక మెట్లు ఎన్ని, పట్టుకోవడానికి కడ్డీ ఉందా, బాత్రూమ్ వేదిక నుంచి ఎన్ని అడుగులు, అది చూడండి. కడ్డీ లేకపోతే షామియానావాళ్ల చేత ఒకటి కట్టించండి. మెత్తటి రాజసింహాసనం కుర్చీ పెట్టొద్దు, అందులో కూరుకుపోయి లేవలేరు. చేతులున్న గట్టి కుర్చీ, 18 అంగుళాల ఎత్తుది పెట్టండి. ముఖం మీద హాలోజన్ దీపాలు కాకుండా ఎల్ఈడీవి వేయించండి, వేడి ఉండదు. ఫిబ్రవరి మంచి నెల, ఈశాన్య రుతుపవనాల వానలు పోయి, ఎండలు ఇంకా ముదరవు. కాకపోతే మాఘమాసం పెళ్లిళ్లు ఉంటాయి. హాలు, లాడ్జీ గదులు, వంటవాళ్లు, వీడియోవాళ్లు అందరూ ముహూర్తం రోజున దొరకరు. పంచాంగం చూసి ముహూర్తం లేని రోజు పెట్టుకోండి.

నాలుగున్నర శ్రుతి:

మైకుల గురించి ఎవరూ చెప్పలేదు, అందుకని రెండు మాటలు. సభలకి సౌండు పెట్టేవాళ్లకి ఉపన్యాసం తెలుసు, పద్యం తెలియదు. మామూలు మాటకి సరిపెట్టిన కాలర్ మైకులో నటుడు రాగం ఎత్తుకోగానే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. అది నటుడి తప్పు కాదు, గెయిన్ (మైకులో వచ్చే శబ్దాన్ని పెంచే మోతాదు) ఎక్కువ. సౌండు సరిచూసేటప్పుడు "హలో, మైక్ టెస్టింగ్" కాకుండా సీనులో అన్నిటికన్నా పై స్థాయి పద్యం పాడించి, దానికి ఎర్రలైటు వెలగకుండా గెయిన్ తగ్గించి, అక్కడ వదిలేయండి. నా లెక్కలో కాలర్ మైకులకన్నా ముందు వరసలో మూడు స్టాండు మైకులే మేలు. పద్యనాటకం నటుడికి మైకు దగ్గరకి వచ్చి పాడే అలవాటు ఉంటుంది, రాగం పెరిగేకొద్దీ ఒక అడుగు వెనక్కి వేయడం కూడా తెలుసు. హార్మోనియానికి విడిగా ఒక మైకు, బెల్లోస్ గాలి పడకుండా పక్క నుంచి పెట్టాలి. హార్మోనిస్టు పక్కన చిన్న మానిటరు స్పీకరు లేకపోతే నటుడు ఎక్కడున్నాడో ఆయనకి వినపడదు, శ్రుతి కలవదు. ఆ స్పీకరు ముఖం మైకు వీపు వైపు ఉండాలి, లేదంటే కూత పెడుతుంది.

పెద్దాయన పద్యం పాడతానంటే, హార్మోనిస్టుని ముందురోజు ఇంటికి పంపండి. యౌవనంలో నాలుగు, నాలుగున్నర శ్రుతిలో పాడినవాళ్లు ఈ వయసులో రెండు, రెండున్నరకి దిగుతారు. వేదిక మీద అలవాటు కొద్దీ పాత శ్రుతి పట్టిస్తే పై షడ్జమం (పై స్థాయి "స") దగ్గర గొంతు తెగుతుంది, అది చూడటానికి అందరికీ బాధ. కూర్చుని పాడేటట్టయితే మైకు గడ్డానికి జానెడు దూరంలో, కాస్త కింద నుంచి పెట్టండి, ముఖం కనపడాలి.

వీడియోకి లాప్‌టాప్ ఆడియోని నేరుగా మిక్సరుకి కలిపితే గుయ్యిమని శబ్దం వస్తుంది, మధ్యలో డీఐ బాక్సు పెట్టమనండి. పాత సినిమా బొమ్మని పక్కలకి సాగదీయకుండా 4:3లోనే వదలండి. ఫైలు లాప్‌టాప్‌లో ఉండాలి, నెట్ నుంచి కాదు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది గానీ కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు ప్రొజెక్టరు ఆరిపోతుంది, మళ్లీ వెలగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. దానికీ ఒక యూపీఎస్ కలపండి.

గుండ్లకమ్మ:

హక్కులు, డబ్బు సంగతి.

మన చట్టంలో రచన మీద హక్కు రచయిత పోయిన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్లు, సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్లు ఉంటుంది. "హరిశ్చంద్ర" రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో పోయారు, "రాయబారం" రాసిన తిరుపతి వేంకట కవుల్లో రెండోవారు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు 1950లో. కాబట్టి "హరిశ్చంద్ర", "రాయబారం" పద్యాలకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక్క మెలిక ఉంది. కాటి సీనులో పాడే జాషువా గారి పద్యాలు "హరిశ్చంద్ర" రచనలోవి కావు. జాషువా గారు 1971లో పోయారు, ఆ హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. అమెచ్యూర్ సమాజం టిక్కెట్టు లేకుండా ఆడితే చట్టం మినహాయింపు ఇస్తుంది. టిక్కెట్టు పెట్టినా, వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టి డబ్బు చేసుకున్నా ఆ మినహాయింపు మీద ఆధారపడొద్దు.

పెద్దాయన సినిమాలన్నీ 1980 తర్వాతవి గనుక అన్నిటికీ హక్కుదార్లు ఉన్నారు. ఐదు నిమిషాల వీడియోలో ఆరేడు ముక్కలు, ఒక్కోటి అరనిమిషం లోపు వేసుకోండి. పాటలు పెట్టకుండా ఆయన డైలాగు సీన్లే తీసుకోండి. నిర్మాతలకి ఒక పేజీ ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి, ఉచిత సన్మానసభకి కాదనేవాళ్లు తక్కువ. అసలు చిక్కు హాల్లో రాదు, లైవ్‌లో వస్తుంది. సినిమా సంగీతం వినపడగానే యూట్యూబ్ దానంతటదే ప్రసారాన్ని ఆపేయగలదు, ఆ తర్వాత సన్మానం కూడా దూరాన ఉన్న పిల్లలకి కనపడదు. వీడియో నడిచే ఐదు నిమిషాలూ లైవ్‌లో ఆయన ఫొటో పెట్టి, శబ్దం ఆపండి.

షామియానా అయితే పోలీసు అనుమతి తప్పనిసరి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు కుదరదు. మూసిన హాల్లో ఆ పట్టింపు లేదు, మూడోగంట గారి వరస ప్రకారం 7.20కే అయిపోతుంది కూడా.

పర్సు నగదుగా వద్దు. ఆయన పేరున చెక్కు రాయండి, లేదా ఆ పొద్దునే ఖాతాలో వేసి వేదిక మీద కవరు ఇవ్వండి. చెక్కు మీద పేరు బ్యాంకు పాసుబుక్కులో ఉన్నట్టే ఉండాలి. రంగస్థలం పేరుతో రాస్తే బ్యాంకు తీసుకోదు, ఇది చాలాచోట్ల జరిగే పొరపాటు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటి డబ్బు వస్తే ఆ మొత్తమంతా ఆయన ఆదాయం కింద లెక్కకి వస్తుంది. వేరే రాబడి పెద్దగా లేకపోతే పన్ను పడదు గానీ, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. సభలో ఎవరైనా లేచి "నా తరఫున పాతికవేలు" అంటే చేతికి వచ్చిందాకా మైకులో చదవొద్దు.

పెన్నాగట్టు గారూ, ఒక్కరోజు పర్సుతో ఆపకండి. కేంద్ర సాంస్కృతిక శాఖకి వృద్ధ కళాకారుల ఆర్థిక సహాయ పథకం ఉంది. 60 ఏళ్లు నిండి, ఏడాది ఆదాయం 72,000 దాటకుండా, రాష్ట్రం నుంచి కనీసం నెలకి 500 కళాకారుల పింఛను అందుతుంటే, నెలకి 6,000 దాకా వస్తుంది. ఆయన రాష్ట్ర పింఛను తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కోండి, లేకపోతే మొదట దానికి దరఖాస్తు. రెండిటికీ అడిగేది ఒకటే: నటుడని రుజువు. తేదీలున్న కరపత్రాలు, ప్రశంసాపత్రాలు, ఆకాశవాణి కాగితాలు. సంచిక కోసం చేసే స్కాన్లే దరఖాస్తుకి జత చేయొచ్చు, వాటి మీద అదనపు ఖర్చేమీ లేదు.

పెన్నాగట్టు:

అందరికీ శతకోటి వందనాలు. శాలువాల సంగతి ఆహ్వానపత్రంలో వేస్తున్నాం. వక్తల్ని పదకొండు నుంచి నలుగురికి తగ్గించాం. పింఛను రావడం లేదట, దరఖాస్తు పెడుతున్నాం.

ట్రంకుపెట్టె తెరిచాం. అడుగున ఒక గులాబిరంగు కరపత్రం దొరికింది. "కందుకూరు, నెల్లూరు జిల్లా. ఏప్రిల్ 14వ తేదీ శనివారం రాత్రి 9 గంటలకు హరిశ్చంద్ర. నేల 25 న.పై., కుర్చీ 1 రూపాయి." పాత్రల్లో నక్షత్రకుడి ఎదురుగా ఆయన పేరే ఉంది. సంవత్సరం లేదు. ఆయన్ని అడిగితే 1965 తర్వాతదే అయి ఉంటుందన్నారు. దీన్ని ఎట్లా రాయాలి?

కాటిసీను:

ఏప్రిల్ 14 శనివారం పడ్డ సంవత్సరాలు 1951, 1956, 1962, 1973, 1979, 1984. నయా పైసలు ఉన్నాయి కాబట్టి 1957కీ 1964కీ మధ్య. ఆ మధ్యలో ఉన్నది 1962 ఒక్కటే. కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండటం కూడా దానికి సరిపోతోంది. 1965 ఏప్రిల్ 14 బుధవారం, ఆ లెక్క కుదరదు.

అప్పటికి ఆయనకి పద్దెనిమిదేళ్లు ఉంటాయి. ఆ వయసులో కరపత్రంలో పేరు వేసి నక్షత్రకుడు ఇచ్చారంటే అంతకుముందే ఒకటి రెండు చిన్న వేషాలు కట్టి ఉండాలి. రేపు పొద్దున ఆ కరపత్రం చేతికిచ్చి, ఆ రోజు హరిశ్చంద్రుడు ఎవరు, హార్మోనియం ఎవరు అని అడగండి. సంవత్సరం మాత్రం మీరు చెప్పొద్దు, ఆయన్నే చెప్పనివ్వండి. సన్మానపత్రం ఇంకా అచ్చుకి వెళ్లకపోతే "1965" తీసేసి "1962 ఏప్రిల్ 14, కందుకూరు, నక్షత్రకుడు" అని వేయించండి. "60 ఏళ్లు" అన్న బ్యానరు కూడా మార్చాలి.